డ్రైవర్ పని ఎవరి నెత్తిన?

నెల్లూరు తీరంలో వెనామీ రొయ్యల చెరువుకి గండం పట్టపగలు రాదు. ఎండ ఉన్నంతసేపు నీళ్లలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ విడుస్తుంది. చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్ రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు మధ్య చెరువులో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అట్టడుగుకి చేరుతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉన్నంతసేపు రైతుకి నిద్ర పడుతుంది. 3 కిందికి జారితే రొయ్య మేత మానేస్తుంది, ఇంకా జారితే పైకి తేలుతుంది. అప్పటికీ ఏరేటర్లు తిరగకపోతే నెలల తరబడి పోసిన మేత, కట్టిన కరెంటు బిల్లు ఆ ఒక్క తెల్లవారుజామున నీళ్లపాలు.

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో చెరువుగట్టున పెట్టే సెన్సర్ పెట్టె ఒకటి మీరు తయారుచేస్తున్నారనుకుందాం. అది డీవో చదువుతుంది, పంపుషెడ్డులో ఉన్న గేట్‌వేకి వైఫై మీద చెబుతుంది. ఆ గేట్‌వేకి డ్రైవర్ రాసే బాధ్యత మీది. కరెంటు పోయి జనరేటర్ అందుకున్న రాత్రి గేట్‌వే మళ్లీ లేచింది గానీ వైఫై లేవలేదు. పొద్దున్నే ఫోన్ వస్తుంది: "ఏంది అబ్బయా, నీ పెట్టె రాత్రంతా పలకలేదే!" ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉంటుందా, లేక చిప్ అమ్మినవాడికి మెయిల్ పెట్టి కూర్చుంటారా? ఇది కోడ్ మొదటి లైను రాయకముందే తేలిపోతుంది.

వైఫై నడవాలంటే చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. వాటిలో చిప్‌లోని ఫర్మ్‌వేర్ చేసేవి ఏవి, లినక్స్ కెర్నల్‌లో అందరికీ ఉమ్మడిగా ఉన్న కోడ్ చేసేవి ఏవి, మీ డ్రైవర్‌కి మిగిలేవి ఏవి? ఆర్కిటెక్చర్ అని పెద్ద పేరు పెట్టి బోర్డు మీద డబ్బాలు గీస్తారు గానీ, జరిగేదంతా పని పంపకం.

ఆ పంపకంలో కొంత మన చేతుల్లో లేదు. ప్యాకెట్ అందిందని తిరిగి చెప్పే అక్నాలెడ్జ్‌మెంట్ 2.4 గిగాహెర్ట్జ్ మీద 10 మైక్రోసెకన్లకే బయల్దేరాలి. చిప్ ప్రాసెసర్‌ని తట్టి లేపి, అది లేచి, మీ ఫంక్షన్ నడిచేలోపు ఆ గడువు ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి అది ఎప్పటికీ చిప్ పనే. బీకన్ సంగతి వేరు. యాక్సెస్ పాయింటు మామూలుగా 102.4 మిల్లీసెకన్లకి ఒకటి వదులుతుంది. స్కాన్, ఆథెంటికేషన్, అసోసియేషన్, ఏ వేగంతో పంపాలన్న లెక్క, ఇవన్నీ తీరుబడిగా నడిచే పనులు. చిప్‌లోనైనా పెట్టొచ్చు, కెర్నల్‌లోనైనా పెట్టొచ్చు. తగవంతా వీటి మీదే.

వీటిని కెర్నల్‌లో పెట్టుకుంటే దాన్ని సాఫ్ట్‌మ్యాక్ అంటారు. మ్యాక్80211 అనే ఉమ్మడి కోడ్ పెత్తనమంతా చేస్తుంది, మీ డ్రైవర్ అది చెప్పిన ఫ్రేములు చిప్‌కి అందిస్తుంది. ఫర్మ్‌వేరే అన్నీ చూసుకుంటే అది ఫుల్‌మ్యాక్. అప్పుడు డ్రైవర్ కెర్నల్‌లోని సెట్టింగుల పొర సీఎఫ్‌జీ80211 నుంచి 'ఫలానా నెట్‌వర్క్‌కి కలువు' అన్న మాట అందుకుని చిప్ చెవిన వేసి ఊరుకుంటుంది. పెళ్లికి వంటవాళ్లని పిలిపించి సరుకులు మనమే తెచ్చివ్వడం మొదటిది, కేటరింగ్‌కి అప్పగించడం రెండోది. కేటరింగ్‌లో హాయి ఉంది, సాంబారులో ఉప్పు ఎక్కువైందని తెలిసేదాకా. మూడో దారి కూడా ఉంది. టీసీపీ, ఐపీలతో సహా మొత్తం మాడ్యూల్‌లోనే ఉంటుంది, మీ చిన్న ప్రాసెసర్ సీరియల్ తీగ మీద 'ఈ సర్వర్‌కి ఇది పంపు' అంటే చాలు.

ఇందులో రెండు కొసలూ ఒకే చిప్ మీద చూడాలంటే హైదరాబాద్ దాకా వెళ్తే చాలు. 2001లో వెంకట్ మట్టెల మొదలుపెట్టిన రెడ్‌పైన్ సిగ్నల్స్‌కి ఆఫీసు అమెరికాలోని శాన్ హోసేలో ఉన్నా, డిజైన్ కేంద్రం హైదరాబాద్‌లో ఉండేది. వాళ్ల ఆర్‌ఎస్9113 మాడ్యూల్‌ని రెండు పేర్లతో అమ్మారు. ఎన్‌లింక్ అన్నది తీసుకుంటే డ్రైవర్ మీ లినక్స్‌లో నడుస్తుంది. వైజ్‌కనెక్ట్ తీసుకుంటే నెట్‌వర్క్ స్టాక్ మొత్తం మాడ్యూల్ లోపలే ఉంటుంది. సిలికాన్ అదే, మారింది పంపకం. కొనేవాడి దగ్గర ఎంత ప్రాసెసర్ ఉందో, ఎంతమంది ఇంజనీర్లు ఉన్నారో చూసి రెండు రకాలుగా వడ్డించారు.

వాళ్ల లినక్స్ డ్రైవర్ 2014 జూన్‌లో వచ్చిన 3.15 కెర్నల్‌లో చేరింది. ఇప్పటికీ కెర్నల్ సోర్స్‌లో డ్రైవర్స్, నెట్, వైర్‌లెస్ కింద ఆర్‌ఎస్‌ఐ అన్న ఫోల్డర్‌లో ఉంది. చదవడానికి ఇంతకంటే మంచి పాఠం మన దగ్గర లేదు. ఫైళ్ల పేర్లు చూస్తేనే పంపకం అర్థమవుతుంది. పేరు చివర మ్యాక్80211 అని ఉన్నది పైనున్న కెర్నల్‌తో మాట్లాడుతుంది. ఎంజీఎంటీ అన్నది కిందనున్న ఫర్మ్‌వేర్‌కి ఆదేశాలు కడుతుంది. ఎస్‌డీఐఓ, యూఎస్‌బీ అని ఉన్నవి చిప్ ఏ తీగ మీద ఉందో ఆ గొడవ మాత్రమే చూసుకుంటాయి, వాటికి వైఫై అంటే ఏమిటో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. కంపైల్ చేస్తే ఈ రెండూ రెండు విడి మాడ్యూళ్లు, తర్కమంతా ఉన్నది మూడోది. తర్వాత బ్లూటూత్‌తో కలిసి పనిచేయాల్సి వచ్చినప్పుడు కోఎక్స్ అని ఇంకో ఫైలు పక్కన చేరింది. వైఫై, బ్లూటూత్ వాటాల పేచీ అంతా అందులోనే సర్దారు. మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ ఒక్కటి మాత్రం పాటించండి: తీగ తెలిసిన కోడ్‌కి వైఫై తెలియకూడదు. ఎందుకంటే రేపు కొనుగోళ్ల విభాగంవాళ్లు ఎస్‌డీఐఓ బోర్డు దొరకట్లేదని యూఎస్‌బీ డాంగిల్ తెచ్చి మీ బల్ల మీద పెడతారు. ఇది జోస్యం కాదు, ఈ రంగంలో ఏటా జరిగే తంతు.

ఆ డ్రైవర్‌కి తర్వాత జరిగిందే ఈ అధ్యాయానికి అసలు సరుకు. 2020లో రెడ్‌పైన్ కనెక్టివిటీ వ్యాపారాన్ని, హైదరాబాద్ కేంద్రంతో సహా, సిలికాన్ ల్యాబ్స్ 30.8 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. కంపెనీలు చేతులు మారతాయి, కొత్తవాళ్లకి కొత్త చిప్‌ల మీద ధ్యాస ఉంటుంది, అందులో వింతేమీ లేదు. కెర్నల్ బాధ్యుల జాబితాలో మాత్రం ఈ డ్రైవర్ పక్కన 'ఆర్ఫన్' అన్న మాట వచ్చి చేరింది. దిక్కులేనిదన్నమాట. మరి దిక్కులేని డ్రైవర్ చచ్చిపోవాలి కదా? పోలేదు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నల్‌కి మ్యాక్80211 ఒక నిబంధన మార్చింది. ప్యాకెట్ల క్యూని తట్టిలేపే ఫంక్షన్ ప్రతి డ్రైవర్‌లోనూ తప్పనిసరి అంది. ఆ మార్పు చేసినవాళ్లే అన్ని డ్రైవర్లూ తిరిగి, లేనివాటిలో ఉమ్మడి ఫంక్షన్ పేరు ఒక్క లైనుగా రాసిపెట్టారు. ఆర్‌ఎస్‌ఐలో కూడా. హైదరాబాద్‌లో ఎవరూ ఏమీ చేయకుండానే ఆ డ్రైవర్ కొత్త కెర్నల్‌తో కంపైల్ అయింది.

అదే డ్రైవర్ కెర్నల్ బయట, ఏదో జిప్ ఫైలుగా ఉండి ఉంటే? చిప్ అమ్మినవాడు ఇచ్చిన జిప్‌ని నమ్ముకుని మొదలుపెట్టిన కుర్రాళ్లని అడగండి. కెర్నల్ మారిన రోజున స్క్రీన్ నిండా ఎర్రర్లు, ఫోరాల్లో ఎవరో అతికించిన ప్యాచ్‌లు, చివరికి 'పాత కెర్నల్ మీదే ఉండిపోదాం' అన్న రాజీ. ఆ రాజీతో భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి.

తప్పు పొర మీద కట్టినవాళ్ల కథ కూడా ఒకటి ఉంది. 1996 నుంచి లినక్స్‌లో వైఫై సెట్టింగులకి హెచ్‌పీకి చెందిన జీన్ టూరిలెస్ చేసిన వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్ ఉండేవి. సెట్టింగుల సంగతి అది చూసేది గానీ, అసలు ప్రోటోకాల్ తర్కం ప్రతి డ్రైవర్ తనకి తాను మోసుకునేది. బ్రాడ్‌కామ్ చిప్‌ల గుట్టు విప్పి ఔత్సాహికులు రాసిన బీసీఎం43ఎక్స్‌ఎక్స్ డ్రైవర్ 2006లో కెర్నల్‌లో చేరింది. అప్పటికి ఉన్న ఒక సాఫ్ట్‌మ్యాక్ పొర మీద దాన్ని కట్టారు. మరుసటి ఏడు, 2007 జులైలో, డివైస్‌స్కేప్ కంపెనీ ఇచ్చిన కోడ్‌తో మ్యాక్80211 వచ్చింది. పాత పొర అటకెక్కింది. ఆ డ్రైవర్‌ని మళ్లీ కట్టుకుని బీ43 అన్న పేరుతో 2008 జనవరిలో తేవాల్సి వచ్చింది. వాళ్ల కోడ్‌లో లోపం లేదు, కింద ఉన్న నేల కదిలింది. కాబట్టి పొర ఎంచుకునేటప్పుడు అది ఎంత అందంగా ఉందో చూడకండి. ఎన్ని డ్రైవర్లు దాని మీద బతుకుతున్నాయో లెక్కపెట్టండి. ఎక్కువమంది కాపురం ఉన్న ఇంటిని ఎవరూ అంత తేలిగ్గా కూల్చరు.

అలాగని ఫుల్‌మ్యాక్ తక్కువదేమీ కాదు. 2010లో బ్రాడ్‌కామ్ తన డ్రైవర్లని బయటపెట్టినప్పుడు రెండు పద్ధతులూ ఇచ్చింది: బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్, బీఆర్‌సీఎంఎఫ్‌మ్యాక్. ఎక్కువగా వాడుకలోకి వచ్చింది రెండోది. 2016లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 3లో ఉన్న వైఫై దాని మీదే నడుస్తుంది. మన కాలేజీ ప్రాజెక్టుల్లో సగం ఆ బోర్డుల పుణ్యమే. ప్రాసెసర్ మీద బరువు తక్కువ, అది పడుకున్నా చిప్ మెలకువగా ఉండి నెట్‌వర్క్‌ని పట్టుకుని ఉంటుంది, బ్యాటరీ ఆదా. ఫోన్లలో ఎక్కువగా ఇదే ఎందుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

చిక్కల్లా అది మొరాయించినప్పుడు. ఫర్మ్‌వేర్ ఆగిపోతే మీ లాగ్‌లో కనిపించేది 'ఫర్మ్‌వేర్ హాల్టెడ్' అన్న ఒక్క ముక్క. ఎందుకు ఆగిందో లోపలికి వెళ్లి చూసే తలుపు లేదు. మళ్లీ లేపడం, మళ్లీ కలపడం, ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు మళ్లీ అందించడం మీరే రాసుకోవాలి. మ్యాక్80211లో అయితే హార్డ్‌వేర్‌ని మళ్లీ మొదలుపెట్టమని అడిగే ఫంక్షన్ ఒకటుంది. డ్రైవర్ దాన్ని పిలిస్తే చాలు. ఏ ఇంటర్‌ఫేసులు ఉన్నాయి, ఎవరెవరు కలిసి ఉన్నారు, ఏ తాళంచెవులు ఇచ్చాం, ఇదంతా దాని దగ్గర రాసిపెట్టి ఉంటుంది. చిప్ లేవగానే వరసగా అప్పజెబుతుంది. జనరేటర్ అందుకున్న ఆ రాత్రి మీకు కావాల్సింది ఇదే.

భద్రత విషయంలో కూడా ఇదే తేడా బయటపడింది. 2021 మేలో భద్రతా పరిశోధకుడు మేథీ వాన్‌హోఫ్ ఫ్రాగ్‌అటాక్స్ అన్న లోపాల్ని ప్రకటించాడు. ముక్కలుగా వచ్చే ఫ్రేముల్ని మళ్లీ అతికించే చోట వైఫై పరికరాల్లో పడిన కన్నాలే వాటిలో ఎక్కువ. మ్యాక్80211కి సవరణలు వెంటనే వచ్చాయి. ఆ అతికించే పని తన చేతుల్లో పెట్టుకోకుండా ఉమ్మడి కోడ్‌కి వదిలేసిన డ్రైవర్లకి కెర్నల్ మారితే చాలు. ఆ పని ఫర్మ్‌వేర్ లోపల జరిగే చిప్‌లకి మాత్రం తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చేదాకా ఎదురుచూపే.

ఇక దూరం. పంపుషెడ్డు నుంచి ఊళ్లో ఇంటర్నెట్ ఉన్న మేడకి ఐదారు కిలోమీటర్లు ఉంటుంది. గురిపెట్టిన యాంటెన్నాలతో వైఫైని అంత దూరం లాగొచ్చు. మన రాష్ట్రంలో చేశారు కూడా. పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ అశ్విని ప్రాజెక్టు పల్లెల మధ్య ఇలాంటి లింకులే వేసింది. ఐఐటీ కాన్పూర్ నుంచి భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు ఆ అనుభవాల మీద పేపర్లు రాశారు. ఇక్కడ అడ్డం పడేది భౌతికశాస్త్రం. కాంతి ఒక కిలోమీటరు వెళ్లి తిరిగి రావడానికి 6.7 మైక్రోసెకన్లు పడుతుంది. ఆరు కిలోమీటర్లకి 40. గది కొలతలకి సర్దిన చిప్ అంతసేపు అక్నాలెడ్జ్‌మెంట్ కోసం ఆగదు. పోయిందనుకుని అదే ప్యాకెట్ మళ్లీ మళ్లీ పంపుతుంది, లింకు ఉన్నట్టే ఉండి పనికిరాకుండా పోతుంది. ఆ ఎదురుచూపు గడువు పెంచడానికి లినక్స్‌లో ఆదేశం ఉంది, దూరం మీటర్లలో చెబితే చాలు. అయితే దాన్ని డ్రైవర్ వినాలి. ఏథ్9కే లాంటి సాఫ్ట్‌మ్యాక్ డ్రైవర్ వింటుంది. ఫుల్‌మ్యాక్‌లో ఫర్మ్‌వేర్ రాసినవాడు ఆ సెట్టింగ్ బయటికి ఇచ్చి ఉంటేనే, ఎక్కువమంది ఇవ్వరు. 2007లో బర్కిలీ పరిశోధకులు ఇంకా ముందుకెళ్లి, అక్నాలెడ్జ్‌మెంట్లే తీసేసి వంతులవారీగా పంపే వైల్డ్‌నెట్ అన్న పద్ధతి కట్టారు. మామూలు వైఫై కంటే రెండు నుంచి ఐదు రెట్లు మెరుగైన వేగం చూపించారు. వాళ్ల పద్ధతే తమిళనాడులో అరవింద్ కంటి ఆసుపత్రి లింకుల్లో నడిచింది. అప్పట్లో ఏథెరోస్ చిప్‌లకి ఉన్న మ్యాడ్‌వైఫై డ్రైవర్‌లో వేలు పెట్టనిచ్చేంత సందు ఉండబట్టే అది సాధ్యమైంది.

చెరువుగట్టున ఉండే సెన్సర్ పెట్టెకి మాత్రం ఈ చర్చ అక్కర్లేదు. ఈఎస్‌పీ32 లాంటి మైక్రోకంట్రోలర్‌లో మొత్తం 520 కిలోబైట్ల ర్యామ్. అందులో లినక్స్ పట్టదు. తయారీదారు ఇచ్చే మూసిన లైబ్రరీతోనే సర్దుకోవాలి, సర్దుకోవచ్చు కూడా. పాడైతే తీసి పారేసి ఇంకోటి పెట్టే వస్తువు అది. గట్టు గట్టుకీ చాలా దూరమైతే వైఫై మాని 865 మెగాహెర్ట్జ్ బ్యాండులో లోరా చూడండి, మన దేశంలో ఆ బ్యాండుకి లైసెన్సు అక్కర్లేదు. విండోస్ మీద రాసేవాళ్లకైతే ఎంపిక ఇంకా తక్కువ. విస్టా కాలంలో నేటివ్ వైఫై, విండోస్ 10లో డబ్ల్యూడీఐ, 11లో వైఫైసీఎక్స్. మైక్రోసాఫ్ట్ గీసిన గీతలోనే నడవాలి.

అయితే నా తీర్పు ఇది. తెల్లవారుజామున మోగే ఫోన్‌కి జవాబు చెప్పాల్సింది మీరైతే, గేట్‌వేకి కెర్నల్‌లో ఇప్పటికే డ్రైవర్ ఉన్న సాఫ్ట్‌మ్యాక్ చిప్ తీసుకోండి. వంద రూపాయలు ఎక్కువైనా సరే. జవాబు చెప్పే సత్తా, రాతపూర్వక హామీ చిప్ కంపెనీకి ఉంటే ఫుల్‌మ్యాక్ తీసుకుని హాయిగా ఉండండి. ఇద్దరికీ ఆ సత్తా లేకపోతే డ్రైవర్ రాయకండి, మొత్తం మాడ్యూల్‌లో ఉండేది కొనండి. వేగం, మెమరీ, లక్షణాల పట్టిక, అన్నీ ఆ తర్వాతే.

ఇక్కడ మనసు చేసే మోసం ఒకటుంది, వ్యక్తిత్వ వికాస పుస్తకంలో ఈ అధ్యాయం ఉండటానికి కారణం కూడా అదే. చదువుకున్న కుర్రాడికి 'నేనే అంతా రాశాను' అని చెప్పుకోవాలని ఉంటుంది. ఇంటర్వ్యూలో బాగుంటుంది, లింక్డ్‌ఇన్‌లో ఇంకా బాగుంటుంది. అందుకని ఉమ్మడి కోడ్ చేసే పనిని కూడా తన డ్రైవర్‌లోకి లాక్కుంటాడు. ఆరేళ్ల తర్వాత అతను బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు, ఆ పెట్టెలు మాత్రం మైపాడు దారిలో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడుతూ అక్కడే ఉంటాయి. రాసిన లైన్లని చూసి కాకుండా, రాయకుండా తప్పించుకున్న లైన్లని చూసి మెచ్చుకునే సీనియర్ దొరికితే వదలకండి.

నిర్ణయం తీసుకున్నాక ఒక పేజీ రాసి పెట్టండి. ఏ చిప్, ఏ దారి, ఎందుకు. ఫర్మ్‌వేర్ ఆగిపోతే ఎవరు ఏం చేస్తారు. కెర్నల్ మారితే ఎవరు కంపైల్ చేస్తారు. ఈ దారిలో మనం ఏం చేయలేమో ముందే ఒప్పుకుంటున్నాం. ఈ చివరి వాక్యం రాయడానికే చేయి రాదు, కానీ రైతుకి ముందే చెప్పాల్సింది అదే.

డబ్బు లేదు, చిప్ లేదు, ఎలా నేర్చుకోవాలి అంటారేమో. మ్యాక్80211 హెచ్‌డబ్ల్యూసిమ్ అన్న మాడ్యూల్ లినక్స్‌లోనే ఉంది. యాక్సెస్ పాయింటుని నడిపే హోస్ట్‌ఏపీడీ, నెట్‌వర్క్‌కి కలిపే డబ్ల్యూపీఏ సప్లికెంట్ రాసిన యౌని మాలినెన్ చేసిందే అది కూడా. దాన్ని లోడ్ చేస్తే మీ ల్యాప్‌టాప్‌లో రెండు ఉత్తుత్తి వైఫై రేడియోలు పుడతాయి. ఒకదాన్ని యాక్సెస్ పాయింటుగా నిలబెట్టండి, రెండోదాన్ని దానికి కలపండి, మధ్యలో ఏ మెసేజీలు నడుస్తున్నాయో చూడండి. కావలిలో హాస్టల్ గదిలో కూర్చుని ఈ రాత్రే చేయొచ్చు. ఆ తర్వాత ఆర్‌ఎస్‌ఐ ఫోల్డర్‌లో పేరు చివర మ్యాక్80211 అని ఉన్న ఫైలు తెరిచి, కెర్నల్‌కి అప్పజెప్పే ఫంక్షన్ల పట్టిక వెతకండి. స్టార్ట్, స్టాప్, టీఎక్స్, యాడ్ ఇంటర్‌ఫేస్, రిమూవ్ ఇంటర్‌ఫేస్, కాన్ఫిగ్, కాన్ఫిగర్ ఫిల్టర్, క్యూని లేపేది ఇంకొకటి. 6.2 కెర్నల్ నాటికి తప్పనిసరివి ఈ ఎనిమిదే. వీటిలో ఏది ఎప్పుడు పిలుస్తారో కాగితం మీద మీ మాటల్లో రాసుకున్నాకే మీ సొంత డ్రైవర్ ఫైలు తెరవండి.